చెట్టెక్కి కోసేవాళ్లకు టాప్ హ్యాండిల్ చైన్ సా: బరువు చూడాలా, పవర్ చూడాలా?

"రెండున్నర కిలోల లోపు వచ్చే చిన్న మిషన్ తీసుకోవాలా, నాలుగు కిలోలకు దగ్గరగా ఉండే పెద్దది తీసుకోవాలా?" టాప్ హ్యాండిల్ చైన్ సా (పిడి ఇంజిన్ పైనే ఉండి, చెట్టు మీద వాడే చిన్న రంపం మిషన్) కొనబోయేవాళ్లందరూ అడిగేది ఇదే. ఫలానా మోడల్ కొనండని ఒక్క మాటలో చెప్పడం తేలికే కానీ, మీరు రోజూ ఎంత మందం కొమ్మలు కోస్తారో తెలియకుండా చెప్పే సలహా మీ డబ్బుకు నష్టం, మీ భుజానికి కష్టం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎప్పుడో ఒకసారి ఎదురయ్యే లావు మాను కోసం మిషన్ కొనకండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోసే కొమ్మ కోసం కొనండి. లావు మాను వచ్చిన రోజు దానికి తగ్గ మిషన్‌ను తాడుతో పైకి పంపించుకోవచ్చు. ఆ రోజు కోసమని మిగతా రోజులన్నీ బరువు మోయనక్కర్లేదు.

ఒక హెచ్చరిక. తాడు, హార్నెస్ (ఒంటికి కట్టుకునే రక్షణ పట్టీలు)తో చెట్టెక్కడం నేర్చుకుని, నేల మీద చైన్ సా బాగా అలవాటైనవాళ్లకే ఈ మార్గదర్శి. ఈ రెండిట్లో ఏది రాకపోయినా ముందు అది నేర్చుకోండి. టాప్ హ్యాండిల్ మిషన్‌కు రెండు పిడులూ దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పలక) వెనక్కి తన్నినప్పుడు అదుపు చేయడం కష్టం. అందుకే దీన్ని నేల మీద దుంగలు కోయడానికి వాడకూడదు.

## 1. ముందు మీ కోతలు కొలవండి

ఒక వారం పాటు పని ముగిశాక, కింద పడిన కొమ్మల కోత ముఖాన్ని టేపుతో కొలవండి. నోటు పుస్తకంలో మూడు గడులు చాలు: 10 సెంటీమీటర్ల లోపు, 10 నుంచి 20, 20 దాటినవి. ఒక్కో కోతకు ఒక్కో గీత పెట్టండి. పక్కనే చెట్టు పేరు కూడా రాసుకోండి, ఎందుకంటే మందం ఒక్కటే సరిపోదు. నిద్రగన్నేరు, తురాయి పచ్చి కొమ్మలు తేలిగ్గా తెగుతాయి. చింత, తుమ్మ సంగతి వేరు. అదే మందమైనా చిన్న ఇంజిన్‌కు చెమటలు పట్టిస్తాయి.

వారం తర్వాత గీతలు చూసి ఇలా నిర్ణయించుకోండి:

- 10 సెం.మీ. లోపు గడి నిండిపోతే: మంచి వంపు చేతి రంపం, దానికి తోడుగా 25 సీసీ తరగతి మిషన్. బొటనవేలు మందం రెమ్మలకు చేతి రంపమే వేగం, ఎందుకంటే స్టార్ట్ చేసే పని లేదు, బ్రేక్ వేసే పని లేదు.
- 10–20 గడిలో ఎక్కువుంటే: మెత్తటి కర్ర అయితే 25 సీసీయే చాలు. గట్టి కర్ర అయితే 30 సీసీ పైకి వెళ్లండి.
- 20 దాటిన గడిలో నాలుగో వంతు కంటే ఎక్కువ గీతలుంటే: 35–38 సీసీ తరగతి. ఇక్కడ బరువుకు భయపడి చిన్నది కొంటే రోజూ తిట్టుకుంటారు.

మన దగ్గర ఇళ్ల మధ్య కొమ్మలు కొట్టే పని చేసే చాలామందికి మొదటి రెండు గడులే నిండుతాయి. అయినా కొనేటప్పుడు మాత్రం కళ్లు మూడో గడి మీదకే పోతాయి.

## 2. కేటలాగ్ బరువు వేరు, నడుముకు వేలాడే బరువు వేరు

కంపెనీ చెప్పే బరువు ఖాళీ మిషన్‌ది. బార్ ఉండదు, చైన్ ఉండదు, పెట్రోలు, ఆయిలు ఉండవు. బాగా తెలిసిన కొన్ని మోడళ్ల అంకెలు ఇవి, దేశాన్ని బట్టి కొద్దిగా మారతాయి:

- ఎకో సీఎస్-2511: 25 సీసీ, 1.1 కిలోవాట్లు, 2.3 కిలోలు
- స్టిల్ ఎంఎస్ 151 టీ: 23.6 సీసీ, 1.1 కిలోవాట్లు, 2.6 కిలోలు
- స్టిల్ ఎంఎస్ 194 టీ: 31.8 సీసీ, 1.4 కిలోవాట్లు, 3.3 కిలోలు
- స్టిల్ ఎంఎస్ 201 టీ: 35.2 సీసీ, 1.8 కిలోవాట్లు, 3.7 కిలోలు
- హస్క్‌వర్నా టీ540 ఎక్స్‌పీ: 37.7 సీసీ, 1.8 కిలోవాట్లు, 3.9 కిలోలు

ఇప్పుడు 201 టీని పనికి సిద్ధం చేసి చూద్దాం. ఖాళీ మిషన్ 3.7. పన్నెండు అంగుళాల బార్, చైన్ కలిపి 600 గ్రాముల పైమాటే. ట్యాంకులో దాదాపు 300 మిల్లీలీటర్ల పెట్రోలు పడుతుంది, అది 220 గ్రాములు. చైన్ ఆయిల్ ఇంకో 200 గ్రాములు. మొత్తం 4.7, 4.8 దగ్గర తేలుతుంది. వేలాడదీసే స్ట్రాప్, కారబినర్ (మూసుకునే కొక్కెం) కూడా కలిపితే దాదాపు ఐదు కిలోలు.

ఎకో 2511కు పది అంగుళాల బార్ వేసి ఇదే లెక్క కడితే మూడు కిలోలు దాటుతుంది, స్ట్రాప్‌తో 3.2 దాకా వస్తుంది. కేటలాగ్‌లో తేడా 1.4 కిలోలే. మీ నడుము దగ్గరకు వచ్చేసరికి అది 1.7 వరకూ పెరుగుతుంది.

తూచే పద్ధతి:

1. లగేజీ తూచే కొక్కెం కాటా తీసుకోండి.
2. మీరు వాడబోయే బార్, చైన్ బిగించండి. షాపులో పెట్టి ఇచ్చిన బార్‌తో తూస్తే లాభం లేదు.
3. రెండు ట్యాంకులూ నింపండి.
4. స్ట్రాప్ తగిలించి, వెనక రింగుకు వేలాడదీసి తూచండి. ఆ అంకెను మిషన్ కింద మార్కర్‌తో రాసి పెట్టుకోండి.

ఆ తర్వాత బ్యాలెన్స్ చూడాలి. ఇంజిన్ ఆఫ్‌లో ఉండగా, బార్‌కు కవర్ తొడిగి, పై పిడిని రెండు వేళ్లతో మాత్రం ఎత్తండి. బార్ ముక్కు బాగా కిందికి వాలితే కోతకు పెట్టిన ప్రతిసారీ మణికట్టు దాన్ని పైకి లేపుతూ ఉండాలి. సాయంత్రానికి నొప్పి పుట్టించేది మొత్తం బరువు కంటే ఈ ముక్కు బరువే. కాస్త వాలినా పర్వాలేదు. పూర్తిగా తలకిందులైతే బార్ పొడవు ఎక్కువైనట్టే.

మిషన్ నడుముకు వేలాడుతున్నంత సేపు ఒక కిలో తేడాను శరీరం పట్టించుకోదు. చేయి చాచినప్పుడు పట్టించుకుంటుంది. అందుకే తేలిక మిషన్ కొనడంతో పాటు, చేయి చాచకుండా నిలబడే చోటు వెతుక్కోవడం కూడా బరువు తగ్గించుకోవడమే.

నిబంధనల సంగతి కూడా తెలిసి ఉంటే మంచిది. చెట్ల మీద వాడే ఈ తరగతి మిషన్లకు ఐఎస్ఓ 11681-2 ప్రమాణం బార్, చైన్ లేకుండా, ట్యాంకులు ఖాళీగా ఉండగా 4.3 కిలోల పరిమితి పెట్టింది. అమెరికాలో కరెంటు లైన్ల పక్కన చెట్ల పని చేసే మనవాళ్లకు ఓషా (అక్కడి కార్మిక భద్రతా సంస్థ) నిబంధన ఒకటుంది: పని బరువు 6.8 కిలోలు దాటిన రంపాన్ని చెట్టు మీద వాడితే దాన్ని వేరే తాడు మోయాలి. బకెట్ లిఫ్ట్‌లో ఉన్నప్పుడు దీనికి మినహాయింపు ఉంది.

## 3. పవర్ అంకెను చదివే పద్ధతి

బరువును కిలోవాట్లతో భాగించండి. 2511కు 2.3 బై 1.1 అంటే దాదాపు 2.1. 201 టీకి 3.7 బై 1.8, అదీ దాదాపు 2.1. 540కి 2.2 వస్తుంది. 151కీ 194కీ 2.4 దగ్గర వస్తుంది.

చిన్నదీ పెద్దదీ ఒకే దగ్గర తేలడం గమనించారా? ఒక కిలోవాట్ కావాలంటే రెండు కిలోల చిల్లర మోయక తప్పదు, ఏ కంపెనీ అయినా అంతే. "తేలిగ్గా ఉంటుంది, పవర్ మాత్రం పెద్ద మిషన్‌తో సమానం" అని ఎవరైనా అమ్మజూపితే కిలోవాట్ల అంకె చూపించమనండి. సీసీ చెప్పి ఊరుకుంటే నమ్మొద్దు. పెట్టె మీద 58 సీసీ అని రాసి ఉన్నంత మాత్రాన ఆ పవర్ చైన్ దాకా వస్తుందని లేదు.

పవర్ మనకిచ్చేది సమయం. ఇరవై సెంటీమీటర్ల చింత కొమ్మలో చిన్న మిషన్ పెడితే చైన్ నెమ్మదిస్తుంది. మీరు నొక్కుతారు, క్లచ్ జారుతుంది, చైన్ ఆగుతుంది, వెనక్కి తీసి మళ్లీ పెడతారు. అంతసేపూ ఒక కాలి మీద బరువేసి, నడుము వంచి, చేతులు ఎత్తి ఉంటారు. పెద్ద మిషన్ తన బరువుతోనే దిగిపోతుంది, మీరు దారి చూపిస్తే చాలు. లావు కోతలో చిన్న మిషన్‌తోనే చేతులు ఎక్కువ అలుస్తాయి.

వైబ్రేషన్ అంకె కూడా మాన్యువల్‌లో చూడండి. చేతులకు తగిలే కంపనానికి యూరప్ చట్టం ఎనిమిది గంటల సగటున 2.5 మీ/సె² దాటితే జాగ్రత్తలు మొదలుపెట్టాలని, 5 దాటకూడదని చెబుతుంది. రెండు మిషన్ల మధ్య తేల్చుకోలేకపోతే కంపనం తక్కువున్నదే తీసుకోండి.

## 4. బార్, చైన్: తక్కువ ఖర్చులో ఎక్కువ తేడా ఇక్కడే

కొత్త మిషన్ కొనేముందు ఉన్న మిషన్ మీద ఈ పని చేసి చూడండి. చాలామందికి కొత్తది కొనే అవసరమే పడదు.

బార్ పొడవు. 25 సీసీకి 10 అంగుళాలు, 35 సీసీకి 12 అంగుళాలు నా లెక్క. పద్నాలుగు అంగుళాల బార్ వేస్తే ముక్కు బరువు పెరుగుతుంది, తిప్పాల్సిన చైన్ పెరుగుతుంది, కొమ్మల మధ్య మీకు కనబడని చోట ముక్కు ఇంకో కొమ్మను తాకే ప్రమాదమూ పెరుగుతుంది. బార్ ముక్కు పై పావు భాగం దేనికైనా తగిలితే మిషన్ మీ మొహం వైపు తంతుంది. దట్టమైన కొమ్మల్లో పొట్టి బార్ అంటే రక్షణ కూడా.

చైన్ రకం. చెట్ల మిషన్ల మీద ఎక్కువగా కనబడేది 3/8 లో-ప్రొఫైల్. ఈ 3/8 అన్నది పిచ్, అంటే చైన్ లంకెల మధ్య దూరం, అంగుళాల్లో. ఇందులో గేజ్ (బార్ గాడిలో కూర్చునే లంకె మందం) 1.3 మిల్లీమీటర్లది, 1.1 మిల్లీమీటర్లది రెండూ ఉన్నాయి. 1.1 కోసే గాడి సన్నగా ఉంటుంది కాబట్టి తీయాల్సిన కర్ర తక్కువ, చిన్న ఇంజిన్‌కు హాయి. పావు అంగుళం పిచ్ చైన్ అయితే పళ్లు ఇంకా చిన్నవి. సన్న రెమ్మలను లాగి విదిలించకుండా నున్నగా కోస్తుంది. కాకపోతే మన ఊళ్లలో 3/8 దొరికినంత సులువుగా పావు అంగుళం దొరకదు, స్పేర్లు తెప్పించుకుని పెట్టుకోవాలి. చైన్ మారిస్తే బార్, స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే పళ్ల చక్రం) కూడా దానికి సరిపోవాలి. మూడింటిలో ఏ ఒక్కటి తేడా ఉన్నా చైన్ ఊడొస్తుంది.

పదును. పదునైన చైన్ వేసిన 25 సీసీ ముందు మొద్దు చైన్ వేసిన 35 సీసీ నిలవదు. క్రమం ఇది:

1. చైన్ కవర్ మీదా మాన్యువల్‌లోనూ రాసిన ఆకురాయి సైజు చూడండి. 3/8 లో-ప్రొఫైల్‌కు ఎక్కువగా 4 మిల్లీమీటర్లు, స్టిల్ పావు అంగుళం చైన్‌కు 3.2.
2. అన్నిటికంటే అరిగిపోయిన పన్ను వెతికి దాంతో మొదలుపెట్టండి. మిగతావన్నీ దాని పొడవుకు రావాలి.
3. 30 డిగ్రీల గీతకు సమంగా, లోపలి నుంచి బయటికి మాత్రమే తోయండి. వెనక్కి లాగేటప్పుడు ఆకురాయి పన్నుకు తగలకూడదు. ఒక్కో పన్నుకు మూడు తోపులు సాధారణంగా సరిపోతాయి.
4. ఒక వైపు పూర్తయ్యాక రెండో వైపు. తోపుల లెక్క రెండు వైపులా సమానంగా ఉండాలి.
5. నాలుగైదుసార్లు పదును పెట్టాక పన్ను ముందుండే డెప్త్ గేజ్ మెట్టును గేజ్ పలకతో చూడండి. 3/8 లో-ప్రొఫైల్‌లో పన్ను అంచు కంటే అది 0.65 మిల్లీమీటర్లు కిందుండాలి, వేరే చైన్ అయితే మాన్యువల్‌లోని అంకె చూడండి.

ఆ మెట్టును ఇంకా తగ్గిస్తే వేగంగా కోస్తుందనుకుని బాగా రాసేసేవాళ్లున్నారు. చిన్న ఇంజిన్ ఆ కోతను లాగలేదు. చైన్ కొమ్మను పట్టి గుంజుతుంది, వెనక్కి తన్నడమూ ఎక్కువవుతుంది. బాగు చేసే దారి ఒకటే: పళ్లను వెనక్కి రాసి ఎత్తు సరిచేయడం, లేదా చైన్ మార్చేయడం.

## 5. బ్యాటరీ మిషన్ అయితే

బ్యాటరీది తేలికని అనుకోవద్దు. హస్క్‌వర్నా టీ535ఐ ఎక్స్‌పీ బ్యాటరీ లేకుండా 2.4 కిలోలు, బీఎల్ఐ200 బ్యాటరీ 1.3 కిలోలు. రెండూ కలిపితే 3.7, అంటే ఖాళీ 201 టీ బరువే. పెట్రోలు బరువు కలవదు, అంతవరకే లాభం.

దీని అసలు సుఖం వేరే చోట ఉంది. ట్రిగ్గర్ వదిలితే చైన్ ఆగిపోతుంది. చెట్టు మీద తాడు లాగి స్టార్ట్ చేసే పని లేదు. కిందున్న మనిషి మాట వినబడుతుంది. అపార్ట్‌మెంట్లలో పని చేసేవాళ్లకు చప్పుడు లేకపోవడమే పెద్ద వరం. చప్పుడు లేని మిషన్ ఆన్‌లో ఉందన్న సంగతి మర్చిపోవడం మాత్రం దీని ప్రమాదం. కోత కోత మధ్య బ్రేక్ వేయడం ఇక్కడ ఇంకా ముఖ్యం.

కొనేటప్పుడు రోజుకు సరిపడా బ్యాటరీలు, చార్జర్ ఖర్చు కలిపి లెక్కేయండి. ఎండలో కారు డిక్కీలో బ్యాటరీలు వదలకండి.

## 6. షాపులో చూడాల్సినవి

- మీరు వాడే గ్లౌజులు తొడుక్కుని పట్టుకోండి. ట్రిగ్గర్, స్విచ్, బ్రేక్ గ్లౌజుతో అందాలి.
- వెనక వేలాడదీసే రింగు గట్టిదేనా, తాడు చేతికి అడ్డం రాకుండా ఉందా?
- చైన్ టెన్షన్ స్క్రూ పక్క నుంచి అందుతుందా? నట్లు ఊడి కింద పడకుండా ఆగే రకమైతే మంచిది. చెట్టు మీద నట్టు జారితే ఆ రోజు పని అంతే.
- స్టార్టర్ తాడు లాగి చూడండి. హార్నెస్‌లో కూర్చున్నట్టు మోచేయి వంచి లాగితే స్టార్ట్ కావాలి.
- చైన్, బార్, స్ప్రాకెట్, ఎయిర్ ఫిల్టర్ మీ ఊళ్లో దొరుకుతాయా? దొరకకపోతే ఎంత మంచి మిషనైనా మూలన పడుతుంది.

## 7. పనిరోజు క్రమం

పని ఒప్పుకునేముందు రెండు విషయాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చెట్టు కొట్టేయాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి సంగతి చూసుకోవాలని ఇంటివాళ్లకు చెప్పండి. దగ్గర్లో కరెంటు తీగలుంటే లైన్‌మ్యాన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైన్‌లో కరెంటు ఆపినట్టు ఖరారు) తీసుకున్నాకే చెట్టు ఎక్కండి. ఎవరో ఫోన్‌లో "ఆఫ్ చేశాం" అన్నారని ఎక్కొద్దు.

కింద ఉండగా:

- [ ] హెల్మెట్, కళ్లద్దాలు, చెవులకు ప్లగ్గులు, కాళ్ల చుట్టూ రక్షణ ఉండే చైన్ సా ప్యాంటు. ఐఎస్ఓ 11393 క్లాస్ 1 అంటే సెకనుకు 20 మీటర్ల చైన్ వేగం దగ్గర పరీక్షించినది.
- [ ] రక్తం ఆపే కట్టు మీ హార్నెస్‌కే ఉండాలి, కింద సంచిలో కాదు.
- [ ] అవసరమైతే పైకెక్కి మిమ్మల్ని దించగలిగే రెండో మనిషి ఉన్నాడా?
- [ ] 50:1 మిశ్రమం, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిల్.
- [ ] చైన్ బార్‌ను కింద అంటి ఉండాలి, గ్లౌజు చేత్తో లాగితే ఆడాలి.
- [ ] మిషన్ నేల మీద పెట్టి, బ్రేక్ వేసి స్టార్ట్ చేయండి. వేడెక్కనివ్వండి.
- [ ] బ్రేక్ తీసి, ఐడిల్‌లో చూడండి. చైన్ కదలకూడదు. కదిలితే పైకి తీసుకెళ్లొద్దు.
- [ ] బార్ ముక్కును తెల్లటి అట్ట ముక్క ముందుంచి కాస్త రేజ్ చేయండి. సన్నటి ఆయిల్ గీత పడాలి.
- [ ] బ్రేక్ వేస్తే చైన్ వెంటనే ఆగుతోందా?

ఇవన్నీ అయ్యాక ఇంజిన్ ఆపి, బ్రేక్ వేసి, బార్ కవర్ తొడిగి పైకి. చల్ల ఇంజిన్‌ను చెట్టు మీద మొదటిసారి స్టార్ట్ చేయాలని చూడటమే సగం తంటాలకు కారణం.

పైన:

1. ముందు మీరు కుదురుకోండి. ప్రధాన తాడుకు తోడు రెండో ఆధారంగా లాన్యార్డ్ (హార్నెస్ నుంచి కొమ్మ చుట్టూ వేసే పొట్టి తాడు) వేసుకోండి. ఒక్క కోతతో రెండూ తెగేలా పక్కపక్కన ఉండకూడదు. లోపల స్టీలు తీగ ఉన్న లాన్యార్డ్ కూడా చైన్‌ను కాస్త ఆపుతుందంతే, తెగదని హామీ లేదు. తాటిచెట్లెక్కే అలవాటున్నవాళ్లు మోకు ఒక్కదాని మీద నిలబడి చైన్ సా ముట్టుకోవద్దు. గీత కత్తికి సరిపోయిన ఆధారం చైన్ తగిలితే క్షణం ఆగదు.

2. కోత మీ నడుముకీ ఛాతీకీ మధ్య వచ్చేలా చోటు మార్చుకోండి. భుజం పైకి వెళ్తే కోయొద్దు. తల, మెడ బార్ గీతలో ఉండకూడదు, కాస్త పక్కకు ఉండాలి.

3. బ్రేక్ వేసి ఉండగానే స్టార్ట్ చేయండి. బార్ ముక్కు తాళ్లకీ కాళ్లకీ దూరంగా చూడాలి. మిషన్‌ను కిందికి వదిలేస్తూ తాడు లాగే పద్ధతి వద్దు.

4. రెండు చేతులూ. ఎడమ బొటనవేలు ముందు పిడి చుట్టూ బిగుసుకుని ఉండాలి. ఇంజిన్ మిషన్‌లోని పై పిడి ఒంటి చేత్తో కోయడానికి పెట్టింది కాదు. మిషన్ ఎంత తేలికైతే ఒంటి చేత్తో కోయాలన్న ఆశ అంత పెరుగుతుంది. ఖాళీగా ఉన్న ఎడమ చేయి తెగబోయే కొమ్మను పట్టుకుంటుంది, ఆ చేతి వైపే చైన్ వస్తుంది. తేలిక మిషన్‌తో వచ్చే అసలు చిక్కు ఇదే.

5. కొమ్మను చేత్తో పట్టి పక్కకు వేయాల్సి వస్తే మెట్టు కోత వేయండి. ఒక వైపు నుంచి సగం దాటేదాకా కోయండి. రెండో వైపు నుంచి, రెండు మూడు సెంటీమీటర్లు పక్కకు జరిగి, మళ్లీ సగం దాటేదాకా కోయండి. కొమ్మ ఊడదు, నారల మీద నిలబడి ఉంటుంది. ఇప్పుడు ఇంజిన్ ఆపి, మిషన్ వేలాడదీసి, రెండు చేతులతో కొమ్మను పట్టి ఒక్క విరుపు విరవండి. "టక్" మని ఊడి చేతిలోకి వస్తుంది. మీ చేతులతో మోయగలిగిన కొమ్మలకే ఇది. అంతకంటే బరువైతే తాడు కట్టి దించాలి.

6. వేలాడే పెద్ద కొమ్మకు ముందు కింద నుంచి పావు వంతు, తర్వాత పై నుంచి. కింద కోత లేకపోతే బెరడు మాను దాకా చీలుతుంది.

7. కోత అయిన వెంటనే, చేయి తీయకముందే బ్రేక్. చోటు మారుతుంటే ఇంజిన్ ఆఫ్.

మిషన్ స్ట్రాప్‌లో గట్టిగా లాగితే తెగిపోయే బలహీన లంకె ఉన్న రకం కొనండి. పడే కొమ్మలో బార్ ఇరుక్కుంటే మిషన్ పోతుంది, మీరు మిగులుతారు. గట్టి నైలాన్ తాడుతో సొంతంగా ముడివేసుకుంటే కొమ్మ మిమ్మల్ని కూడా లాగుతుంది.

## 8. రెండు మిషన్ల పద్ధతి

డబ్బు కుదిరితే నా ఓటు దీనికే. పైకెక్కేటప్పుడు 25 సీసీ, చేతి రంపం. కొమ్మలన్నీ తీసుకుంటూ ఎక్కండి లేదా దిగండి. మాను, లావు కొమ్మల దగ్గరకు వచ్చాక చిన్నదాన్ని కిందికి దించి, పెద్దదాన్ని పైకి తెప్పించుకోండి.

పెద్దది పంపేముందు కిందే వేడి చేసి, ఆపి, బ్రేక్ వేసి, తాడును వెనక రింగుకు కట్టాలి. పిడికి కట్టొద్దు. తాడు కింది కొస మనిషి చేతిలో ఉంటే మిషన్ మానుకు కొట్టుకోదు. మీ చేతికి అందాక ముందు మీ స్ట్రాప్‌కు తగిలించి, ఆ తర్వాతే తాడు విప్పండి.

ఒక్కటే కొనగలిగితే గడుల లెక్కకే తిరిగి వెళ్లండి. మధ్యస్థంగా ఉంటుందని 30 సీసీ తీసుకోవడం తప్పేమీ కాదు, ధర కూడా కలిసొస్తుంది. కాకపోతే అది తేలికలో చిన్నదానికి, కోతలో పెద్దదానికి తీసికట్టే.

## 9. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే దారి

నేల మీద వాడే 58 సీసీ మిషన్‌ను పైకి మోయడం. ఇది మన దగ్గర మామూలైపోయింది. వెనక పిడి మిషన్‌ను ఇరుకు కొమ్మల్లో తిప్పలేరు, ముక్కు ఎక్కడో తగులుతుంది. అది లేకుండా గడవదంటే లావు మాను దగ్గర మాత్రమే, కుదురుగా నిలబడి, వేరే తాడు మోస్తుండగా వాడండి.

మధ్యాహ్నానికి చేతులు లాగేయడం. వెంటనే తేలిక మిషన్ కోసం చూడకండి. ముందు బార్ రెండు అంగుళాలు తగ్గించండి, సన్న రెమ్మలు చేతి రంపానికి వదిలేయండి, ట్యాంకు సగమే నింపి పంపమనండి. అప్పటికీ తగ్గకపోతే చోటు ఎంచుకునే తీరులో లోపం ఉంది, బాగా తెలిసినవాళ్లను కింద నిలబడి గమనించమనండి.

కోత మధ్యలో చైన్ ఆగిపోవడం. నొక్కడం ఆపండి. పొట్టుకు బదులు పొడి రాలుతుంటే చైన్ మొద్దుబారింది. పొట్టు బాగానే వస్తూ ఆగుతుంటే డెప్త్ గేజ్ ఎక్కువ రాసేశారు, లేదా ఆ మందానికి మిషన్ చాలదు. ఎయిర్ ఫిల్టర్ కూడా దులిపి చూడండి.

కోత వంకరగా పోవడం. ఒక వైపు పళ్లు పొట్టివయ్యాయి. కోత ఎటు వంగుతుందో దానికి ఎదురు వైపు పళ్లు ఎక్కువ అరిగి ఉంటాయి. పొడవున్న వైపు రాసి సమం చేయండి. బార్ అంచులు ఒక పక్క అరిగినా ఇలాగే అవుతుంది.

వేడి మీద స్టార్ట్ కాకపోవడం. మే నెల ఎండలో చిన్న ఇంజిన్లకు ఇది మామూలే, కార్బురేటర్‌లో పెట్రోలు ఆవిరవుతుంది. చోక్ వేయకుండా, ప్రైమర్ (పెట్రోలును కార్బురేటర్‌లోకి తెచ్చే రబ్బరు బుడగ) ఉంటే నాలుగైదుసార్లు నొక్కి లాగండి. ఆపిన మిషన్‌ను ఎండ తగిలే వైపు వేలాడదీయకండి.

పెట్రోలు ట్యాంకులోనే వదిలేయడం. ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. స్క్రూలతో సర్దే పాత తరహా కార్బురేటర్ ఉన్న మిషన్లకు మాన్యువళ్లు సాధారణంగా 10 శాతం దాటొద్దంటాయి. మీ మాన్యువల్ చూడండి, అవసరమైతే సర్వీస్ వాళ్లతో కార్బురేటర్ సర్దించుకోండి. ఇథనాల్ తేమను పీలుస్తుంది, కాబట్టి రెండు మూడు రోజులు పని లేకపోతే ట్యాంకు ఖాళీ చేసి, ఐడిల్‌లో ఆగిపోయేదాకా నడపండి.

చైన్‌కు వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోయడం. అందులో ఇనప రజను ఉంటుంది, బార్ గాడినీ ఆయిల్ పంపునీ తినేస్తుంది. పైగా అది మీ మొహం మీద, చెట్టు గాయం మీద పడుతుంది. చైన్ ఆయిల్ దొరక్కపోతే కొత్త ఆయిల్ కొని పోయండి.

వేళ్లు మొద్దుబారడం. పని ఆపాక కూడా తిమ్మిరి పోకపోయినా, చల్లటి నీళ్లలో చేయి పెడితే వేళ్ల కొసలు తెల్లబడుతున్నా అది కంపనం వల్ల వచ్చిన జబ్బు కావచ్చు. డాక్టర్‌కు చూపించండి, మీరు చేసే పని ఏమిటో చెప్పండి. ఈలోపు ఎక్కే మనిషిని పూటకోసారి మార్చండి, మిషన్ రబ్బర్ బుష్‌లు చిట్లాయేమో చూడండి, మొద్దు చైన్‌తో ఒక్క కోత కూడా వేయకండి.